టెర్పీన్ల చాటున దాగిన వాసన: గంజాయి బ్రీడింగ్‌లో చిరు పదార్థాల పాత్ర

రెండు గంజాయి రకాల ల్యాబ్ రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కోసారి తేడా పట్టుకోవడం కష్టం. రెండింటిలోనూ లిమోనీన్, క్యారియోఫిలీన్, మిర్సీన్ అనే టెర్పీన్లు (మొక్కల్లో తేలిగ్గా ఆవిరయ్యే సువాసన పదార్థాలు) ఇంచుమించు ఒకే పాళ్లలో కనిపిస్తాయి. డబ్బా మూత తీసి చూస్తే మాత్రం ఒకటి అప్పుడే ఒలిచిన నిమ్మజాతి పండు తొక్కలా గుప్పుమంటుంది. రెండోది వెల్లుల్లి, కాలిన రబ్బరు కలిపినట్టు ముక్కు అదిరేలా కొడుతుంది. కాగితం మీద కవలల్లా ఉన్న ఈ రెండూ ముక్కు దాకా వచ్చేసరికి ఒకే జాతి మొక్కలంటే నమ్మబుద్ధి కాదు.

రిపోర్టు తప్పు కాదు, ముక్కూ తప్పు చెప్పదు. రిపోర్టులో చోటు దక్కని పదార్థాలే అక్కడ పని చేస్తున్నాయి. ఎండు పువ్వు బరువులో లెక్కకు కూడా రానంత తక్కువగా ఉండే గంధకపు సమ్మేళనాలు, ఈస్టర్లు, ఇండోల్ జాతి పదార్థాలు ఆ తేడాను తెస్తాయి. కొత్త వంగడాలు తయారుచేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. దేన్ని కొలుస్తామో దాన్నే ఎంపిక చేస్తాం. కొలవనిది తరం తరానికీ చేజారిపోతుంది.

ముందు వాసన పుట్టే చోటు చూద్దాం. ఆడ మొక్క పూగుత్తుల్లో, గింజను చుట్టుకుని ఉండే చిన్న ఆకుల మీద, సన్నని కాడకు గాజుపూస అతికించినట్టు ట్రైకోమ్‌లు నిలబడి ఉంటాయి. ఆ పూస వెడల్పు దాదాపు మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది. పూస అడుగున పళ్లెంలా పరుచుకున్న కణాలు జిగురును తయారుచేసి, పైనున్న పలుచని పొర కిందికి నెడుతుంటాయి. పొర ఉబ్బి, లోపల టీహెచ్‌సీ, సీబీడీ వంటి క్యానబినాయిడ్ల ఆమ్ల రూపాలూ టెర్పీన్లూ కలిసి నిల్వ ఉంటాయి. వేలు తగిలితే పొర చిట్లి వాసన బయటపడుతుంది. ఆ జిగురులోని సువాసన భాగంలో సింహభాగం మిర్సీన్, లిమోనీన్, పైనీన్, టెర్పినోలీన్, క్యారియోఫిలీన్ వంటి కొద్ది టెర్పీన్లదే. కాబట్టి గంజాయి వాసనంటే టెర్పీన్లే అన్న అభిప్రాయం బలపడింది. పెద్ద మోతాదులో ఉన్నదే పెద్ద పని చేస్తుందని అనుకోవడం సహజం కూడా.

బ్రీడింగ్ కూడా అదే దారిలో నడిచింది. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు రఫాయెల్ మెషులమ్, యెహియేల్ గావోని గంజాయిలో మత్తు కలిగించే పదార్థమైన టీహెచ్‌సీని విడదీసి దాని నిర్మాణం తేల్చారు. ఆ తర్వాత మత్తు శాతమే మొక్క విలువకు కొలమానమైంది. అమెరికాలో అధికారులు పట్టుకున్న సరుకు నమూనాల్లో సగటు టీహెచ్‌సీ 1995లో 4 శాతం దగ్గర ఉంటే, 2014 నాటికి 12 శాతం దగ్గరకు చేరింది. ఇరవై ఏళ్లలో ఇంత పెరుగుదల రావడానికి ఎంపిక ఒత్తిడి ముఖ్య కారణం. తర్వాత టెర్పీన్ల మీద ఆసక్తి పెరిగి, లేబుల్ మీద రెండు మూడు టెర్పీన్ల శాతాలు కూడా చేరాయి. ఆ అంకెల్లో వైవిధ్యం ఎంతుందో 2022లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. ఆరు అమెరికా రాష్ట్రాల ల్యాబుల నుంచి దాదాపు 90 వేల నమూనాల సమాచారం తీసుకుంటే, టీహెచ్‌సీ ఎక్కువగా ఉన్న రకాలన్నీ టెర్పీన్ల ప్రకారం మూడే మూడు పెద్ద గుంపుల్లో సర్దుకున్నాయి: క్యారియోఫిలీన్-లిమోనీన్, మిర్సీన్-పైనీన్, టెర్పినోలీన్-మిర్సీన్. మార్కెట్‌లో గంజాయికి అతికించే ఇండికా, సటైవా అనే లేబుళ్లకూ ఆ గుంపులకూ సరైన పొంతన కుదరలేదు. మార్కెట్‌లో వందల పేర్లు, పేరుకో వాసన. వాటన్నిటి వెనక ఉన్నది మూడు మూసలే అయితే తేడాలు ఇంకెక్కడో ఉండాలి.

ఆ చోటు వెతకాలంటే పరిమాణం, ప్రభావం వేర్వేరని ముందు ఒప్పుకోవాలి. ప్రతి సుగంధ పదార్థానికీ ముక్కుకు తెలిసే కనీస మోతాదు ఒకటి ఉంటుంది. నీటిలో మిర్సీన్ ఉందని తెలియాలంటే శతకోటి పాళ్లలో పది పదిహేను పాళ్లయినా ఉండాలి. 3-మిథైల్-2-బ్యూటీన్-1-థయోల్ అనే గంధకపు సమ్మేళనానికి అంత అక్కర్లేదు. బీరులో లీటరుకు కొన్ని నానోగ్రాములు ఉంటే చాలు, తాగేవాళ్ల ముఖం చిట్లిపోతుంది. కొన్ని నానోగ్రాములంటే లక్ష కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లు. అంటే మిర్సీన్‌లో వెయ్యో వంతు కూడా లేని ఈ పదార్థం వాసనలో దానితో సమానంగా నిలబడగలదు, కొన్నిసార్లు దాన్ని తొక్కేయగలదు. పదార్థం ఎంత ఉందన్న అంకెను దాని కనీస మోతాదుతో భాగిస్తేనే వాసనలో దాని అసలు వాటా బయటపడుతుంది. లేబుల్ మీద ఉండేది ఆ భాగహారానికి ముందరి అంకె.

ఈ థయోల్ గంజాయిలో ఉందని రుజువైంది 2021లో. కాలిఫోర్నియాకు చెందిన అబ్‌స్ట్రాక్స్ టెక్ సంస్థలో ఇయాన్ ఆస్వాల్డ్ బృందం 13 రకాల పువ్వులను పరిశీలించి, ఫలితాలను ఏసీఎస్ ఒమేగా పత్రికలో ప్రచురించింది. మామూలు గ్యాస్ క్రోమటోగ్రఫీలో పదార్థాలు ఒకే గొట్టం గుండా పోతూ విడిపోతాయి. పరికరం గీసే గ్రాఫ్‌లో టెర్పీన్ల శిఖరాలు పెద్దవి కావడంతో వాటి నీడలో చిన్నవి కలిసిపోతాయి. అందుకే ఈ బృందం రెండు గొట్టాల గుండా రెండు విధాలుగా విడదీసే పద్ధతి వాడింది. దానికి గంధకాన్ని మాత్రమే పసిగట్టే డిటెక్టర్‌ను జోడించింది. అప్పుడు, అంతకుముందు గంజాయిలో ఎవరూ చూపించని గంధకపు సమ్మేళనాల కుటుంబం ఒకటి బయటపడింది. గంజాయికి పేరు తెచ్చిన ఆ ‘స్కంక్’ ఘాటుకు కుటుంబంలో ముఖ్య కారకం పైన చెప్పిన థయోలే. వెల్లుల్లి ఘాటుకు కారణమైన సమ్మేళనాలకూ వీటికీ నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది.

ఇక్కడ ఒక్క మాట. ఆ వాసనను స్కంక్ అనే జంతువు పేరుతో పిలుస్తున్నా, ఆ జంతువు చిమ్మే ద్రవంలోని ముఖ్య థయోళ్లు వేరు. కుటుంబం ఒకటే, సభ్యులు వేరు. గంజాయిలో ఉన్న థయోల్ మాత్రం ఎండ తగిలి పాడైన బీరులో పుడుతుంది. బీరులో వేసే హాప్ అనే తీగ పువ్వుల నుంచి వచ్చిన చేదు పదార్థాలు, రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) సమక్షంలో, వెలుతురు సోకి విరిగినప్పుడు అది తయారవుతుంది. హాప్, గంజాయి రెండూ క్యానబేసీ కుటుంబం మొక్కలే. బీరులో ఆ వాసన వస్తే సరుకు చెడిపోయినట్టు. గంజాయిలో అదే వాసన కోసం బ్రీడర్లు దశాబ్దాలుగా మొక్కలు ఏరుకుంటూ వచ్చారు.

అదే బృందం 2023లో ఇంకో అడుగు ముందుకేసింది. వాసనలో ఒకదానికొకటి పొంతన లేని రకాల నుంచి తీసిన జిగురు నమూనాలను రసాయనికంగా పరీక్షించి, మనుషుల చేత వాసన చూపించి, ఆ రెండు ఫలితాలనూ పోల్చింది. తేలింది ఇది: వాసనలు ఎంత దూరంగా ఉన్నా టెర్పీన్ల పాళ్లు మాత్రం ఆశ్చర్యపోయేంత దగ్గరగా ఉన్నాయి. తియ్యని వాసనలు, ఘాటైన వాసనలు టెర్పీన్లు కాని చిన్న పదార్థాలతోనే ముడిపడి ఉన్నాయి. కొన్ని రకాల్లో నిమ్మజాతి వాసనకు లిమోనీన్ కంటే 3-మెర్కాప్టోహెక్సైల్ అనే భాగం ఉన్న గంధకపు సమ్మేళనాలే కారణం. ప్యాషన్ ఫ్రూట్‌కూ, సావిన్యాన్ బ్లాంక్ ద్రాక్షతో చేసిన వైన్‌కూ ఆ పరిమళం తెచ్చేవి ఈ జాతివే. మరికొన్ని రకాల్లో ముక్కుకు గుచ్చుకునే రసాయనపు వాసన స్కాటోల్‌ది. టెర్పీన్ల ప్రాధాన్యాన్ని ఇన్నాళ్లూ ఎక్కువచేసి చెప్పారని ఆ పరిశోధకులు సూటిగానే రాశారు. వాళ్ల మాట సబబే. అలాగని టెర్పీన్లు దండగ కాదు. ‘ఇది గంజాయి’ అని చెప్పే పునాది వాసన వాటిదే. ‘ఏ గంజాయి’ అని చెప్పేవి మాత్రం చిరు పదార్థాలు.

స్కాటోల్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎక్కువ మోతాదులో అది మలం కంపు. బాగా పలుచన చేస్తే అందులో పూల ఛాయ కనిపిస్తుంది. దానికి దగ్గరి చుట్టమైన ఇండోల్ మల్లెపువ్వులో సహజంగానే ఉంటుంది. మల్లె పరిమళానికి ఆ నిండుదనం, ఆ బరువు రావడంలో దానికీ వాటా ఉంది. పరిమళ ద్రవ్యాలు తయారుచేసేవాళ్లకు ఇది పాత సంగతి. మోతాదు మారితే పదార్థం స్వభావమే మారినట్టు ఉంటుంది. కాబట్టి బ్రీడర్ ముందున్నది ‘స్కాటోల్ ఉందా లేదా’ అన్న ప్రశ్న కాదు. ఎంత ఉంది, ఏ టెర్పీన్ల పక్కన ఉంది, ఏ ఈస్టర్లతో కలిసింది అన్నవే ప్రశ్నలు. పండ్లకు తియ్యని వాసన తెచ్చే ఈస్టర్ల పక్కన కాస్త ఇండోల్ ఒక రకంగా, థయోళ్ల పక్కన అదే ఇండోల్ ఇంకో రకంగా తోస్తుంది.

ద్రాక్ష విషయంలోనూ ఇలాంటి కథే నడిచింది. షిరాజ్ అనే ద్రాక్షతో చేసిన రెడ్ వైన్‌లో మిరియాల వాసన ఎక్కడి నుంచి వస్తోందో చాలాకాలం దొరకలేదు. 2008లో ఆస్ట్రేలియా పరిశోధకులు దాన్ని రొటండోన్ అనే పదార్థంగా తేల్చారు. లీటరు రెడ్ వైన్‌లో 16 నానోగ్రాములుంటే చాలు, ముక్కుకు తెలుస్తుంది. అయితే పరీక్షలో పాల్గొన్నవాళ్లలో దాదాపు ఐదింట ఒక వంతు మందికి, పరీక్షించిన అత్యధిక మోతాదులో కూడా ఆ వాసన తెలియలేదు. ముక్కులోని గ్రాహకాలు అందరిలో ఒకేలా ఉండవు. దీన్నిబట్టి ఒకే ఒక్క బ్రీడర్ ముక్కును నమ్ముకుని వందల మొక్కల్లోంచి ఒకదాన్ని ఎంచుకోవడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది. ఆ ముక్కుకు తెలియని పదార్థం ఆ తోటలో ఎప్పటికీ ఎంపిక కాదు.

ఇక వారసత్వం సంగతి. మోనోటెర్పీన్లకూ (మిర్సీన్, లిమోనీన్ వంటి చిన్న టెర్పీన్లు) క్యానబినాయిడ్లకూ జెరానైల్ డైఫాస్ఫేట్ అనే ఒకే ముడిసరుకు ఉంది. దాన్నుంచి ఏ టెర్పీన్ తయారవుతుందో టెర్పీన్ సింథేజ్ ఎంజైములు తేలుస్తాయి. 2017లో జుడిత్ బూత్, జొనాథన్ పేజ్, యోర్గ్ బోల్మన్ ‘ఫినోలా’ అనే హెంప్ (మత్తు చాలా తక్కువగా ఉండే గంజాయి) రకంలో ఇలాంటి ఎంజైములను వివరంగా పరిశీలించారు. వీటిలో చాలావాటి గుణం ఏమిటంటే, ఒక్కో ఎంజైము ఒకటి కంటే ఎక్కువ పదార్థాలను వదులుతుంది. క్యారియోఫిలీన్, హ్యూములీన్ ఎప్పుడు చూసినా జంటగా కనిపించేది అందుకే. రెండూ ఒకే ఎంజైము చేతిలోంచి వస్తాయి. ఒకటి ఉంచి రెండోది తీసేయాలంటే మామూలు సంకరంతో పని జరగదు.

చిరు పదార్థాల దారులు వేరు. స్కాటోల్, ఇండోల్‌లు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లానికి సంబంధించిన మార్గంతో ముడిపడి ఉన్నాయి. ఈస్టర్లను ఆల్కహాళ్లకు ఆమ్ల భాగాలు అతికించే ఎంజైములు చేస్తాయి. థయోళ్లలోని గంధకం సిస్టీన్ వంటి అమైనో ఆమ్లాల వైపు నుంచి రావాలి. వీటికి సంబంధించిన జన్యువులు టెర్పీన్ జన్యువుల మీద ఆధారపడి ఉండాల్సిన పని లేదు. అందువల్ల ఒక తల్లి నుంచి టెర్పీన్ల పునాది, ఇంకో తల్లి నుంచి గంధకపు ఘాటు తీసుకుని ఒకే మొక్కలో కలపడం సూత్రరీత్యా సాధ్యమే. మంచి బ్రీడర్లు రసాయన శాస్త్రం తెలియకుండానే ముక్కుతో చేస్తూ వచ్చింది ఇదే.

వాసన జన్యువు మనం ఊహించిన చోటే ఉంటుందన్న నమ్మకం మాత్రం పెట్టుకోకూడదు. గులాబీ ఇందుకు మంచి సాక్ష్యం. పరిమళం ఉన్న ‘పాపా మేయాన్’ రకాన్ని, పరిమళం లేని ‘రూజ్ మేయాన్’ రకాన్ని పోల్చిన ఫ్రెంచ్ పరిశోధకులు 2015లో ఒక విచిత్రం బయటపెట్టారు. గులాబీలో జెరానియోల్ అనే పరిమళ పదార్థాన్ని తయారుచేయడంలో కీలకమైనది టెర్పీన్ సింథేజ్ కాదు. కణంలో పూర్తిగా వేరే పనులకు పేరుపడ్డ నూడిక్స్ హైడ్రోలేజ్ కుటుంబానికి చెందిన ఎంజైము అది. టెర్పీన్ జన్యువుల జాబితా మాత్రమే పట్టుకుని వెతికితే అది ఎన్నటికీ దొరికేది కాదు. 2025లో నేచర్ పత్రికలో 193 గంజాయి జీనోమ్‌లతో పాన్‌జీనోమ్ (వేర్వేరు మొక్కల పూర్తి జన్యు సమాచారాన్ని ఒకచోట చేర్చిన సంకలనం) వచ్చింది కాబట్టి వెతకడానికి పొలం ఇప్పుడు పెద్దదే ఉంది. కొరత అంతా రెండో వైపు: ఆ జీనోమ్‌ల పక్కన పెట్టి పోల్చడానికి థయోళ్లు, ఈస్టర్లు, ఇండోళ్ల నమ్మకమైన కొలతలు కావాలి.

తోటలో ఎదురయ్యే మొదటి చిక్కు మగ మొక్క. గంజాయిలో ఆడ, మగ మొక్కలు వేరు. జిగురు నిండిన పూగుత్తి ఆడ మొక్కదే. పుప్పొడి ఇచ్చే మగ మొక్క సంతానానికి సగం జన్యువులు ఇస్తుంది. కానీ తన దగ్గరున్న వాసన ఏమిటో తను చూపించలేదు. లేత కాండాన్ని వేళ్లతో నలిపి వాసన చూసే అలవాటు బ్రీడర్లలో ఉంది. మొక్క తీరు గురించి అది కొంత చెబుతుంది కానీ, పూత చివరి వారాల్లో పుట్టే థయోళ్ల గురించి చెప్పదు. మగ మొక్క సత్తా తెలియాలంటే దాని ఆడ సంతానాన్ని పెంచి చూడాల్సిందే. ఇంకో దారి ఉంది. ఆడ మొక్క మీద సిల్వర్ థయోసల్ఫేట్ చల్లితే ఎథిలీన్ అనే మొక్క హార్మోన్ ప్రభావానికి అడ్డుపడి, దాని మీదే మగ పూలు వస్తాయి. అప్పుడు పుప్పొడి ఇచ్చే మొక్క వాసన కూడా ముందే తెలిసి ఉంటుంది. వాసన కోసం చేసే బ్రీడింగ్‌లో ఈ పద్ధతి విలువ చాలా ఎక్కువ. దీన్ని ఆడ విత్తనాల ఉత్పత్తికే పరిమితం చేసి చూడటం పొరపాటు.

రెండో చిక్కు సమయం. 2021 అధ్యయనం ప్రకారం గంధకపు సమ్మేళనాలు పూత ఆఖరి వారాల్లో బాగా పెరిగి, కోసిన తర్వాత క్యూరింగ్ (ఆరిన పువ్వును మూసిన డబ్బాలో మగ్గబెట్టడం) దశలో గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత కొద్ది రోజుల నిల్వలోనే పడిపోతాయి. టెర్పీన్లకూ కాలమే శత్రువు. 1996లో రాస్, ఎల్‌సోహ్లీ కొలిచినప్పుడు పచ్చి పువ్వులో 0.29 శాతం ఉన్న సుగంధ తైలం వారం ఆరబెట్టేసరికి 0.20 శాతానికి, మూడు నెలలకు 0.13 శాతానికి దిగింది. ఇలాంటప్పుడు ఒక మొక్క నమూనాను కోసిన రోజున, పక్క మొక్కది ఇరవై రోజుల తర్వాత పరీక్షిస్తే బయటపడేది జన్యువుల తేడా కాదు, క్యాలెండర్ తేడా. కోసిన రోజు, ఆరబెట్టిన ఉష్ణోగ్రత, తేమ, డబ్బాలో ఉంచిన రోజులు అన్నీ సమానంగా ఉంచి కొలవని సంతతి పరీక్షకు అర్థం లేదు. అసలైన ఎంపిక మొక్క కోసిన రోజున ముగియదు. డబ్బా తెరిచిన రోజు దాకా సాగుతుంది.

ఈ జాగ్రత్తలన్నీ పాటిస్తే పని ఎలా ఉంటుంది? థయోల్ ఘాటు బాగా ఉన్న మొక్కను, అది దాదాపు లేని మొక్కతో సంకరం చేస్తారు. ఆ సంతతిని మళ్లీ తనలో తాను కలిపి రెండో తరం పెంచుతారు. రెండో తరంలో గుణాలు విడివడి రకరకాల కలయికల్లో కనిపిస్తాయి. ప్రతి మొక్క నుంచీ కొమ్మలు కత్తిరించి నాటి, ఒకే జన్యువులున్న మొక్కలు కొన్ని తయారుచేసుకుంటే వాతావరణం ప్రభావాన్ని విడిగా లెక్కగట్టవచ్చు. ఆ తర్వాత గంధకపు డిటెక్టర్‌తో కొలతలు, పలువురు వాసన చూసేవాళ్ల మార్కులు, జన్యు సమాచారం, మూడూ పక్కపక్కన పెడితే ఏ క్రోమోజోమ్ భాగం ఆ ఘాటుతో కలిసి నడుస్తోందో కనిపిస్తుంది. ఒకసారి ఆ భాగానికి జన్యు గుర్తు దొరికితే, మగ మొక్కను మొలక దశలోనే పరీక్షించవచ్చు. ఖర్చు తక్కువేమీ కాదు. కానీ పూత దాకా వందల మొక్కలను పెంచి, ముక్కుతో ఏరి, తొంభై శాతం పారేసే పద్ధతి కూడా చౌక కాదు.

కొలవని గుణం ఏమవుతుందో టమోటా చూపించింది. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో హ్యారీ క్లీ, డెనిస్ టీమన్ బృందం 2017లో 398 రకాలను పరిశీలించి, పాతకాలపు రకాలతో పోలిస్తే ఆధునిక రకాల్లో రుచిని, వాసనను ఇచ్చే పలు ఆవిరి పదార్థాలు తగ్గిపోయాయని చూపించింది. ఎవరూ రుచి పోవాలని కోరుకోలేదు. దిగుబడి, గట్టిదనం, సైజు చూసి ఎంపిక చేశారు. రుచి చూడలేదు, అది జారిపోయింది. టీహెచ్‌సీ శాతం కోసం జరుగుతున్న పరుగులో గంజాయికీ అదే ముప్పు ఉంది.

ఈ జ్ఞానం రెండో వైపు కూడా పనికొస్తుంది. సాగు కేంద్రాల చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఆ ఘాటు పెద్ద ఇబ్బంది. నారకూ గింజకూ పెంచే హెంప్‌కు, మందుగా వాడే రకాలకు స్కంక్ ఘాటుతో పని లేదు. దానికి బాధ్యత ఒక చిన్న గంధకపు కుటుంబానిదే అయితే, మిగతా గుణాలు చెడకుండా దాన్ని తగ్గించిన వంగడాన్ని తయారుచేయడం సాధ్యమయ్యే లక్ష్యం.

ఒక్క హెచ్చరిక తప్పదు. వాసనలో తేడా తెచ్చే పదార్థం శరీరం మీద కూడా ప్రభావం చూపిస్తుందని వెంటనే చెప్పేయకూడదు. 2024లో వచ్చిన ఒక క్లినికల్ అధ్యయనంలో 30 మిల్లీగ్రాముల టీహెచ్‌సీతో పాటు 15 మిల్లీగ్రాముల లిమోనీన్ పీల్చినప్పుడు టెన్షన్, భయం తగ్గినట్టు కనిపించింది. అక్కడ మాట్లాడుతున్నది మిల్లీగ్రాముల్లో. థయోళ్ల లెక్క అంతకు ఎన్నో రెట్లు తక్కువ. వాటి పేరు చెప్పి వైద్య గుణాలు అంటగట్టడం అమ్మకానికి ఉపయోగపడొచ్చు కానీ, ఆధారం లేని మాట.

చివరగా, అరుదైన వాసనలను కాపాడుకోవడం. పేరున్న రకాలు చాలావరకు ఒకే తల్లి మొక్క నుంచి కత్తిరింపులతో పెంచినవి. వాటి జన్యువుల్లో జతలు ఎక్కువగా విడివిడి రూపాల్లో ఉంటాయి కాబట్టి గింజ నుంచి అదే వాసన తిరిగి రాదు. పిల్ల మొక్కల్లో కలయిక చెదిరిపోతుంది. హాప్ లేటెంట్ వైరాయిడ్ (వైరస్ కంటే చిన్నదైన రోగకారకం) గంజాయికి కూడా సోకుతోందని 2019లో కాలిఫోర్నియాలో తేలింది. అది పట్టిన మొక్క పైకి బాగానే ఉన్నట్టు కనిపిస్తూనే ట్రైకోమ్‌లు తగ్గి, వాసన పలచబడుతుంది. దాని నుంచి తీసే ప్రతి కత్తిరింపుతోనూ జబ్బు ముందుకు పోతుంది. కొమ్మ చివరి కణజాలం నుంచి పెంచిన శుభ్రమైన మొక్కలను టిష్యూ కల్చర్‌లో దాచిపెట్టి, వాటి పక్కనే థయోళ్లు, ఈస్టర్లు, ఇండోళ్ల కొలతలు కూడా రాసి ఉంచుకున్న తోటల్లోనే, పదేళ్ల తర్వాత ఆ వాసన మారిందో లేదో చెప్పగలిగేది.